నది అవతలి ఒడ్డును కలిపి చదవాల్సిన జిల్లా: టెక్సస్ సరిహద్దులోని ప్రెసిడియో కౌంటీ
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ నుంచి పొడుగు వారాంతాల్లో బిగ్ బెండ్ జాతీయ పార్కు చూడడానికి వెళ్లే తెలుగువాళ్లు ఈ కౌంటీ మీదుగానే పోతుంటారు. మార్ఫాలో ఒక కాఫీ తాగుతారు, నాలుగు ఫొటోలు తీసుకుంటారు, సాగిపోతారు. ఈ గంటలో ఆ దారిని కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు దీని సైజు. ప్రెసిడియో కౌంటీ విస్తీర్ణం 3,856 చదరపు మైళ్లు, అంటే దాదాపు పదివేల చదరపు కిలోమీటర్లు. విడగొట్టక ముందు మన కృష్ణా జిల్లా 8,727 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో అక్కడ 45 లక్షల పైచిలుకు జనం. దానికంటే పెద్దదైన ఈ కౌంటీలో 2020 జనగణన తేల్చిన మనుషులు 6,131. మన దగ్గర ఒక మోస్తరు మేజర్ పంచాయతీ జనం. వాళ్లలో సగానికి పైగా ఒక ఊళ్లో, మూడో వంతుకు కాస్త తక్కువగా ఇంకో ఊళ్లో. మెక్సికోతో హద్దుగా పారే రియో గ్రాండే నది ఒడ్డున ప్రెసిడియో, కొండమీది మైదానంలో మార్ఫా. మిగిలినవి రెడ్‌ఫర్డ్, రుయిదోసా, కాండిలేరియా, షాఫ్టర్ లాంటి చిన్న చిన్న పల్లెలు, వాటి మధ్య మైళ్లకొద్దీ రాంచీలు, అంటే పశువులు మేపే పెద్ద పెద్ద భూములు.

కౌంటీ అంటే మన జిల్లా అనుకోవచ్చు గానీ కలెక్టరుండడు. ఎన్నికైన కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి బడ్జెట్ రాస్తారు, రోడ్లు చూస్తారు. షెరీఫ్ కూడా ఎన్నికైనవాడే. ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్నుల మీదే గడవాలి. ఆరువేల మంది జనం, పదివేల చదరపు కిలోమీటర్ల నేల. ఒక అంబులెన్సు వెళ్లి రావడానికే పూట గడిచిపోయే చోట ఈ లెక్క ఎలా కుదురుతుందో మీరే ఊహించుకోండి. కౌంటీలో ఆసుపత్రి లేదు. దగ్గర్లో ఉన్నది పక్క కౌంటీలోని ఆల్పైన్‌లో. మార్ఫా నుంచి 26 మైళ్లు, ప్రెసిడియో నుంచి 90 మైళ్లకు అటూ ఇటూ.

ఇక నేల. మార్ఫా సముద్ర మట్టానికి సుమారు 4,700 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి హైవే 67 మీద 60 మైళ్లు దక్షిణంగా దిగితే ప్రెసిడియో, ఎత్తు 2,600 అడుగులు. గంట ప్రయాణంలో రెండువేల అడుగులు కిందికి దిగుతారు. పైన గడ్డిమైదానం, చలికాలం మంచు, పశువుల పెంపకం. కింద ఎడారి, జూన్‌లో వంద ఫారెన్‌హీట్ దాటడం మామూలు విషయం. రెంటి మధ్య చినాటి కొండలు, 7,728 అడుగుల శిఖరం. ఇది మూడు కోట్ల ఏళ్లకు పైబడిన అగ్నిపర్వతాల నేల. మార్ఫాలో ఏడాదికి 15 అంగుళాలకు కాస్త అటూ ఇటూ వాన, ప్రెసిడియోలో పది అంగుళాల చిల్లర. కరువుకు పేరుపడ్డ అనంతపురంలోనే సగటు 550 మిల్లీమీటర్లుంటుంది. ప్రెసిడియోది అందులో సగం. అదీ ఎక్కువ భాగం జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో, ఉరుములతో, వాగులు ఒక్కసారిగా పొంగేలా కురుస్తుంది.

కాబట్టి ఇక్కడ మనిషి బతికింది వాన మీద కాదు, నది మీద. ఆ నది గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతా కథంతా దాన్నుంచే వస్తుంది.

మ్యాపులో రియో గ్రాండే కొలరాడో నుంచి సముద్రం దాకా ఒకటే గీత. నీటి లెక్కలో మాత్రం అవి రెండు నదులు. న్యూ మెక్సికోలో 1916లో ఎలిఫెంట్ బ్యూట్ డ్యామ్ పూర్తయ్యాక పైనుంచి వచ్చే నీళ్లు ఎల్ పాసో చుట్టుపక్కల పొలాలకే చాలా వరకు ఖర్చయిపోతున్నాయి. ఎల్ పాసో దిగువన ఫోర్ట్ క్విట్‌మన్ నుంచి ప్రెసిడియో దాకా రెండు వందల మైళ్ల పొడవునా నదిలో మిగిలేది పొలాల నుంచి తిరిగొచ్చిన ఉప్పునీరు, అప్పుడప్పుడు వాగుల వరద. ఇంజనీర్లు దీన్ని 'మరిచిపోయిన భాగం' అని పిలుస్తారు. పారే నీరు తగ్గితే ఏమవుతుందో ఇక్కడ కళ్లారా చూడొచ్చు. ఇసుకను కొట్టుకుపోయే వరదలు రావు. ఒండ్రు పేరుకుంటుంది. దాని మీద సాల్ట్ సెడార్ అనే పొద చెట్టు మొలుస్తుంది. ఇది ఈ దేశానిది కాదు, బయటి నుంచి తెచ్చినది. దాని వేళ్లు ఒండ్రును పట్టుకుంటాయి, పాయ ఇంకా ఇరుకవుతుంది. చివరికి ఎప్పుడో ఒక పెద్ద వరద వస్తే పట్టడానికి నదిలో చోటుండదు, నీళ్లు పొలాల మీద పడతాయి.

ప్రెసిడియో ఊరి దగ్గర మెక్సికో వైపు నుంచి రియో కొంచోస్ వచ్చి కలుస్తుంది. ఇక్కడి నుంచి కిందికి రియో గ్రాండేలో పారే నీళ్లలో అధిక భాగం ఈ కొంచోస్‌వే. చివావా రాష్ట్రపు పశ్చిమ కొండల్లో పుట్టి, బోకియా, లూయిస్ లియోన్ లాంటి డ్యామ్‌లు దాటి వస్తుంది. 1944 నీటి ఒప్పందం ప్రకారం కొంచోస్‌తో సహా ఆరు ఉపనదుల నీటిలో మూడో వంతు అమెరికాది. అది అయిదేళ్ల సగటున ఏడాదికి 3,50,000 ఎకరా-అడుగులకు తగ్గకూడదు. మన లెక్కలో 15 టీఎంసీలకు కాస్త పైన. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణలో ఇచ్చిన 811 టీఎంసీల పక్కన పెడితే ఇది పిల్లకాలువ. అయినా ఈ నీళ్ల కోసం 2020 సెప్టెంబరులో చివావా రైతులు బోకియా డ్యామ్‌నే ఆక్రమించుకున్నారు. ఒప్పందంలో లెక్క అయిదేళ్లకు పెట్టడం వల్ల మెక్సికోకు మొదటి నాలుగేళ్లు నీళ్లు వదలకుండా బిగపట్టి, అయిదో ఏడు తుఫాను కోసం ఎదురుచూడడం అలవాటైపోయింది. తుఫాను రాకపోతే గొడవ. ఇందులో ప్రెసిడియో రైతుకు దక్కేది స్వల్పం. నీళ్లు అతని గట్టు పక్కనుంచే పోతాయి, కానీ ఎక్కువ భాగం వందల మైళ్ల దిగువన అమిస్టాడ్, ఫాల్కన్ జలాశయాలకూ, ఆ కింద సముద్రం దగ్గరి నారింజ, గ్రేప్‌ఫ్రూట్ తోటలకూ చేరాల్సినవే.

2008 సెప్టెంబరులో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. కొంచోస్ పరీవాహకంలో భారీ వానలు, డ్యామ్‌ల నుంచి వదిలిన నీళ్లు కలిసి ప్రెసిడియో కరకట్ట తెగింది, పొలాలు మునిగాయి. అవతలి ఒడ్డున ఉన్న మెక్సికో ఊరు ఓహినాగా కూడా మునిగింది. కరకట్టలు కట్టేదీ చూసుకునేదీ రెండు దేశాల సరిహద్దు జల కమిషన్. ఇక్కడ ఒక ఇబ్బందుంది. ఒక ఒడ్డున కట్ట ఎత్తు పెంచితే వరద రెండో ఒడ్డుకు నెట్టుకుంటుంది. అందుకే కట్ట ఎత్తు ఎంతన్నది ఏ ఒక్క దేశమూ సొంతంగా తేల్చుకోగలిగే విషయం కాదు.

సరిహద్దు గీత కూడా నదితో పాటు కదిలేదే. 1884 ఒప్పందం ఒక సూత్రం పెట్టింది. నది నెమ్మదిగా ఒక ఒడ్డును కోసుకుంటూ జరిగితే సరిహద్దు కూడా దానితో జరుగుతుంది. ఒక్క వరదలో వంపును తెంపుకుని కొత్త దారి పడితే మాత్రం సరిహద్దు పాత పాయలోనే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. తీరా ఏది నెమ్మది, ఏది హఠాత్తు అని తేల్చాలంటే సాక్షులు కావాలి, సర్వే కావాలి, ఏళ్లు కావాలి. ప్రెసిడియో, ఓహినాగా మధ్య ఇలా తెగిపోయిన ముక్కల పంచాయితీ 1970 ఒప్పందంతో గానీ తీరలేదు.

ఇప్పుడు చరిత్ర. రెండు నదులు కలిసే ఈ చోటును స్పానిష్‌లో లా హుంటా అంటారు. సుమారు క్రీ.శ. 1200 నాటికే ఇక్కడ వ్యవసాయం చేసే ఊళ్లున్నాయి. పద్ధతి చాలా సరళం. వరద తీసిన తర్వాత తడిగా మిగిలిన ఒండ్రులో మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి విత్తడం. మన లంక భూముల సేద్యం గుర్తొస్తుంది. వరద రాకపోతే పంట లేదు, ఆలస్యంగా వస్తే విత్తిన పంట కొట్టుకుపోతుంది. 1535లో దారితప్పి ఖండం దాటుతున్న స్పెయిన్ యాత్రికుడు కబేసా దె వాకా ఇటుగా వచ్చాడు. 1582లో ఎస్పేహో అనే స్పెయిన్ వాడి అన్వేషణ బృందం వచ్చింది. 1683-84లో ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసుల మిషన్లు వచ్చాయి. 1760 ప్రాంతంలో స్పెయిన్ ఇక్కడ ఒక సైనిక కోట, అంటే 'ప్రెసిడియో', కట్టింది. కౌంటీకి ఆ పేరే నిలిచిపోయింది. ఆ కోట ఉన్న చోటు మాత్రం ఇవాళ ఓహినాగా, అంటే మెక్సికోలో.

1848లో అమెరికా-మెక్సికో యుద్ధ సంధితో నది మధ్య గీత దేశాల హద్దయ్యింది. అదే ఏడు బెన్ లీటన్ అనే వ్యాపారి నది ఉత్తరపు ఒడ్డున పచ్చి ఇటుకల కోట కట్టి, శాన్ ఆంటోనియో - చివావా బళ్ల దారిలో వర్తకం మొదలుపెట్టాడు. ఫోర్ట్ లీటన్ ఇప్పటికీ నిలిచే ఉంది, తప్పక చూడండి. కౌంటీ 1850లో కాగితం మీద పుట్టింది, పాలన మొదలైంది 1875లో, ఫోర్ట్ డేవిస్ కేంద్రంగా. అప్పటి కౌంటీ ఇప్పటిదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. 1883లో దక్షిణ ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే ఆగుడు చోటుగా మార్ఫా పుట్టింది. రైలు ఎక్కడుంటే కచేరీ అక్కడికే పోతుంది కదా. 1885లో కేంద్రం మార్ఫాకు మారింది, మరుసటేడే పెద్ద కోర్టు భవనం లేచింది. 1887లో జెఫ్ డేవిస్, బ్రూస్టర్ కౌంటీలు విడిపోయాయి.

మార్ఫా, ప్రెసిడియోల మధ్య షాఫ్టర్ అనే పాడుపడ్డ ఊరుంది. అక్కడ 1880లో వెండి దొరికింది. 1883 నుంచి 1942 దాకా మధ్య మధ్యలో మూతపడుతూ మూడు కోట్ల ఔన్సులకు పైగా వెండి తీశారు. ధర ఔన్సు పావు డాలరు చుట్టూ తిరిగిన 1930-31 ప్రాంతంలో గని ఆగిపోయింది. రూజ్వెల్ట్ ప్రభుత్వం వెండి కొనుగోలు ధర పెంచాక 1934లో మళ్లీ తెరిచారు. 2012లో కొత్త కంపెనీ ఒకటి తెరిచి, ధర పడిపోగానే 2013లో మూసేసింది. వెండి అక్కడే ఉంది. గని నడవాలా వద్దా అన్నది తేలేది వేరే చోట.

ఇప్పుడు జనాభా పట్టిక దగ్గరికి వద్దాం. దీన్ని పక్కన మెక్సికో చరిత్ర పెట్టుకోకుండా చదివితే తప్పకుండా తప్పు చదువుతారు.

1880లో 2,873. 1890లో 1,698. జనం పారిపోయారనుకోకండి, మధ్యలో కౌంటీ ముక్కలైంది. 1900లో 3,673. 1910లో 5,218. 1920లో ఒక్కసారిగా 12,202. ఈ అంకె దగ్గర ఆగండి. ఈ కౌంటీ చరిత్రలో ఇదే గరిష్ఠం, వందేళ్లు గడిచినా మళ్లీ అందుకోలేదు. ఆ పదేళ్లలో జరిగింది మెక్సికో విప్లవం. 1914 జనవరిలో విప్లవ సేనాని పాంచో వియ్యా ఓహినాగాను పట్టుకున్నాడు. ఓడిన ప్రభుత్వ సైనికులు, వాళ్ల కుటుంబాలు, ఊరి జనం, అంతా వేలల్లో నది దాటి ప్రెసిడియోకు వచ్చారు. అమెరికా సైన్యం వాళ్లను కాలినడకన మార్ఫా దాకా నడిపించి, రైలెక్కించి ఎల్ పాసో దగ్గరి ఫోర్ట్ బ్లిస్‌కు పంపింది. వాళ్లు వెళ్లిపోయినా రాకలు ఆగలేదు. మరోవైపు 1911 నుంచే మార్ఫాలో అశ్వికదళం దిగింది. అదే తర్వాత ఫోర్ట్ డి.ఎ. రస్సెల్ అనే సైనిక కోట అయ్యింది. గని నడుస్తోంది, నది ఒడ్డున పత్తి సాగు మొదలైంది. ఇవన్నీ కలిసి పన్నెండువేలు.

అదే దశకంలో ఇక్కడ జరిగిన ఒక ఘోరాన్ని చాలాకాలం ఎవరూ పైకి చెప్పలేదు. 1918 జనవరి 28 తెల్లవారుజామున పోర్వెనిర్ అనే నదీతీరపు పల్లెలోకి టెక్సస్ రేంజర్లు (రాష్ట్ర సాయుధ పోలీసులు), స్థానిక రాంచర్లు వెళ్లి, ఊళ్లోని 15 మంది మగవాళ్లనూ కుర్రాళ్లనూ బయటికి తెచ్చి కాల్చి చంపారు. సైనికులు ఊరిని చుట్టుముట్టి ఉన్నారు. మిగిలిన నూట నలభై మంది దాకా నది దాటి మెక్సికోకు వెళ్లిపోయారు. ఊరిని నేలమట్టం చేశారు. 1919లో శాసనసభ్యుడు హోసె టి. కనాలెస్ పట్టుబట్టి శాసనసభ విచారణ జరిపించాడు. రేంజర్లలో కొందరి ఉద్యోగాలు పోయాయి గానీ ఎవరికీ శిక్ష పడలేదు.

1930లో 10,154. 1940లో 10,925. ఆ తర్వాత పదేళ్లలో 7,354. గని 1942లో మూతపడింది, మార్ఫా సైనిక కోట 1946లో మూతపడింది, యుద్ధకాలపు విమాన శిక్షణ కేంద్రం కూడా అప్పుడే వెళ్లిపోయింది. 1950లలో ఏడేళ్ల కరువు రాంచీలను ఊడ్చేసింది. 1960లో 5,460, 1970లో 4,842. 1920 గరిష్ఠం తర్వాత అట్టడుగు అదే.

తర్వాత మళ్లీ పెరిగింది. 1980లో 5,188, 1990లో 6,637, 2000లో 7,304, 2010లో 7,818. ఈ పెరుగుదలంతా నదివైపునే. మార్ఫా ఈ కాలంలో తగ్గుతూనే వచ్చింది. 1986 వలస చట్టం ప్రకారం 1986 మే 1తో ముగిసిన ఏడాదిలో కనీసం 90 రోజులు పొలం పనిచేసినట్టు చూపించగలిగిన వాళ్లకు నివాస హక్కు దొరికింది. ప్రెసిడియో ఉల్లి, కర్బూజా పొలాల్లో పనిచేసినవాళ్లకు ఇది వరమైంది. వాళ్ల వెనక కుటుంబాలు వచ్చాయి. విచిత్రమేమంటే, జనం స్థిరపడే నాటికి ఆ పంటలే తగ్గుముఖం పట్టాయి. ఊరు మిగిలింది, పొలం పని మిగల్లేదు. ఇప్పుడు ఇక్కడ స్థిరమైన జీతమంటే బడి, కౌంటీ ఆఫీసు, కస్టమ్స్, బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ దళం).

ఇక 2020 అంకె, 6,131. పదేళ్లలో అయిదో వంతుకు పైగా తగ్గుదల. నా అభిప్రాయంలో ఇందులో కొంత నిజమైన వలస, కొంత లెక్క తప్పు. ఎందుకో చెబుతాను. అమెరికాలో జనగణన ఫారం సాధారణంగా పోస్టులో వస్తుంది. ఇంటి నంబరు, వీధి పేరు లేక పోస్టాఫీసు పెట్టెలతో గడిచే పల్లెల్లో మాత్రం సిబ్బంది స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాలి. 2020 మార్చిలో ఆ పని మొదలైన రోజుల్లోనే కోవిడ్ వల్ల ఆపేశారు. మార్చి 21 నుంచి ప్రెసిడియో, ఓహినాగాల మధ్య వంతెన మీద అత్యవసరం కాని రాకపోకలనూ ఆపేశారు. నియమం ప్రకారం ఏప్రిల్ 1 నాటికి మనిషి ఎక్కువగా ఎక్కడ ఉంటూ నిద్రపోతాడో అక్కడ లెక్క. తల్లి ఓహినాగాలో, పిల్లల బడి ప్రెసిడియోలో, తండ్రి పని టెక్సస్‌లోనే ఉన్న ఒడెస్సా చమురు బావుల్లో ఉన్న ఇంటికి ఈ ప్రశ్న వేయండి. ఓహినాగా మునిసిపాలిటీలో పాతికవేల చుట్టూ జనం. ప్రెసిడియో నగరం 3,264. రెండూ కలిపి చూస్తే తప్ప ఆ ఊరి దుకాణాలు, బడి, పెళ్లిళ్లు, చావులు అర్థం కావు.

రాకపోకల సంగతి మరొకటి. నది వెంట పల్లెల్లో పడవలో, నడిచి దాటడం తరతరాల అలవాటు. 2002 మేలో ఆ అనధికారిక రేవులన్నిటినీ మూసేశారు. కాండిలేరియా నుంచి అవతలి శాన్ ఆంటోనియో దెల్ బ్రావోకు ఒక చిన్న కాలివంతెన ఉండేది. 2008లో దాన్నీ తీసేశారు. చట్టం ప్రకారం వెళ్లాలంటే 48 మైళ్లు ప్రెసిడియోకు వచ్చి, వంతెన దాటి, అవతల గతుకుల దారిలో మళ్లీ అంత దూరం పైకి పోవాలి, వంద గజాల అవతల ఉన్న ఇంటి కోసం. కాండిలేరియా ఎందుకు ఖాళీ అయిందో వేరే కారణం వెతకనక్కర్లేదు.

మార్ఫా గురించి క్లుప్తంగా. శిల్పి డోనల్డ్ జడ్ 1970లలో వచ్చి, మూతపడ్డ కోట భవనాల్లో తన అల్యూమినియం పెట్టెలు వంద అమర్చాడు. 1986లో ఆ కళాకృతులను చూపే చినాటి ఫౌండేషన్ మొదలైంది. పర్యాటకులు వచ్చారు, ఇళ్ల ధరలు పెరిగాయి, జనాభా పెరగలేదు. ఫొటోల్లో ప్రసిద్ధమైన ప్రాడా మార్ఫా, అంటే దుకాణం రూపంలో కట్టిన కళాకృతి, అసలు ఈ కౌంటీలో లేనే లేదు, అది పక్క జెఫ్ డేవిస్ కౌంటీలో ఉంది. అంతకంటే ముఖ్యమైనది బ్లాక్‌వెల్ స్కూల్. 1909 నుంచి 1965 దాకా మెక్సికన్ సంతతి పిల్లలను విడిగా చదివించిన బడి. స్పానిష్ మాట్లాడితే దండించేవారు. 2022లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా చట్టం చేశారు.

ధరల పెరుగుదల పచ్చి ఇటుకల ఇళ్లకు ఎలా తగిలిందో కూడా చెప్పాలి. ఇవి పేదవాళ్ల ఇళ్లు. మట్టి, ఇసుక, గడ్డి కలిపి అచ్చులో పోసి ఎండలో ఆరబెట్టిన ఇటుక, మట్టితోనే అతుకు. రాతి పునాది మీద లేపి, పైన మట్టి గానీ సున్నం గానీ పూస్తే వందేళ్లుంటుంది. చాలామంది చేసే పొరపాటు సిమెంటు పూయడం. పగుళ్లలోంచి లోపలికి దిగిన తడి సిమెంటు వెనక చిక్కుకుంటుంది, బయటికి ఆరదు. నేల నుంచి ఎక్కిన చెమ్మ కూడా అంతే. కింది రెండు మూడు వరసలు లోలోపల మెత్తబడి జారిపోతాయి, బయటికి గోడ బాగానే కనిపిస్తుంటుంది. బయటి నుంచి వచ్చిన డబ్బున్నవాళ్లు ఈ ఇళ్ల మీద మోజు పడ్డాక, 2017లో కౌంటీలో పచ్చి ఇటుకల ఇళ్లకు పన్ను విలువ విడిగా, ఎక్కువగా కట్టారు. తాత కట్టిన ఇంట్లో పింఛను మీద బతికే ముసలమ్మకు పన్ను పెరిగింది.

ఇక అడిగిన ప్రశ్నలు. ఒకరు, కారులో వెళ్తే ఏం జాగ్రత్త అని అడిగారు. ప్రెసిడియో నుంచి ఉత్తరంగా వచ్చేటప్పుడు మార్ఫాకు దక్షిణాన హైవే 67 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. పౌరులు కాని 18 ఏళ్లు దాటినవాళ్లు నమోదు పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం. గ్రీన్ కార్డయితే కార్డు, హెచ్-1బి అయితే పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) ప్రింటు. ఫోన్‌లో ఫొటో చాలదనుకుని వెళ్లండి. ఓహినాగాకు దాటాలనుకుంటే, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిన హెచ్-1బి వాళ్లకు ఈ సౌకర్యం వర్తించదు, కాబట్టి వాళ్లు ఇవతలే ఉండడం మేలు. ప్రెసిడియో నుంచి తూర్పుగా లహీటాస్‌కు పోయే 170 నంబరు రోడ్డు నది వెంట యాభై మైళ్లు. మధ్యలో 15 శాతం వాలున్న ఘాట్ ఒకటుంది, అక్కడ బ్రేకు మీద కాకుండా తక్కువ గేరులో దిగండి. మధ్యలో పెట్రోలు దొరకదు, సిగ్నల్ ఉండదు. ట్యాంకు ప్రెసిడియోలోనే నింపుకోండి, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా రోడ్డు మీద వాగు పారుతుంటే లోతు చూడడానికి కూడా దిగొద్దు, ఒకటి రెండు గంటలు ఆగితే చాలావరకు అదే తీస్తుంది.